ఇంట్లో చేసిన గొట్టం

పౌర ప్రశాంతతా శాఖ ఎందుకు పుట్టిందో చాలామందికి తెలియదు. మిగతా ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయినవాళ్ళు ఎక్కడో ఒకచోట కూర్చుని చల్లబడాలి కదా అన్న సదుద్దేశంతో పెట్టిన శాఖ అది. గోదావరి జిల్లాల్లో ఒకచోట, కాలువ పక్కన ఒక పాత పెంకుల భవనంలో దాని జిల్లా కార్యాలయం ఉంది. లోపలికి వెళ్ళగానే పెద్ద హాలు. హాల్లో బెంచీలు. బెంచీల ఎదురుగా గోడకు ఆనించి ఒక పెద్ద అక్వేరియం. పాసుపుస్తకం కోసం తిరిగేవాళ్ళు, పింఛను ఆగిపోయినవాళ్ళు, పేరులో ఒక్క అక్షరం తప్పుపడి తాము తాము కామని తేలినవాళ్ళు వచ్చి ఆ బెంచీల మీద కూర్చుని చేపల్ని చూసేవారు. కాసేపటికి మొహాలు తేటపడేవి. అప్పుడు లేచి మళ్ళీ ఆ ఆఫీసులకే వెళ్ళేవారు. శాఖ చేసే పని అంతే. ఆ పని మాత్రం చక్కగా చేసేది.

ఆ కార్యాలయానికి పెద్ద, ఉపసంచాలకులు కడియాల వీరభద్రంగారు. ఆర్డరు లేనిదే ఆయన ఏ పనీ చేసి ఎరగరు. ఆర్డరు వచ్చాక ఏ పనీ మానీ ఎరగరు. మధ్యాహ్నం హాలు ఖాళీ అయ్యాక క్యారియర్ తెచ్చుకుని అక్వేరియం ముందు కూర్చుని భోంచేసేవారు. బంగారు రంగు చేపల మధ్య నల్లది ఒకటుండేది. అద్దం దగ్గరికొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఆయన వైపే చూసేది. సర్వీసులో తనకు ఎదురుచెప్పకుండా ఇంతసేపు విన్నవాళ్ళు లేరని ఆయనకు ఆ చేపంటే ఒక ఆదరం.

చేపల ఆలనాపాలనా చూసేది జూనియర్ అసిస్టెంటు గుత్తుల సత్యవేణి. శనివారం శనివారం కంపెనీవాళ్ళు తయారుచేసిన బ్యాటరీ పంపుతో అడుగున పేరుకున్న మడ్డి లాగేసి, కొంత పాతనీరు తీసి, కొత్తనీరు పోసేది. పంపు బాగా పనిచేసేది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బంది రాజధాని నుంచి వచ్చింది. అక్కడ ఒక పెద్దాయన ఎవరింటికో భోజనానికి వెళ్ళి, ఆ ఇంటావిడ పాతచీరలతో అల్లిన కాలిపట్టా చూసి చలించిపోయారట. మనిషి ఇంట్లో చేసుకోగలిగినది బజార్లో కొనడం వల్లే సమాజం ఇలా తయారైందని ఆయనకు తోచింది. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ప్రతి శాఖయు తన ముఖ్య పరికరమును స్వగృహ నిర్మితముగానే వినియోగించవలెను. కొనుగోలు చేసిన పరికరములను తక్షణము నిర్బంధములో ఉంచవలెను." పౌర ప్రశాంతతా శాఖకు ముఖ్య పరికరం ఏదని రాజధానిలో చాలా ఆలోచించారు. చివరికి అక్వేరియంలో నీళ్ళు మార్చే పరికరమని తేల్చారు.

వీరభద్రంగారు ఆ సాయంత్రమే పంపును బీరువాలో పెట్టించి, తాళం వేయించి, లక్క సీలు కొట్టించారు. మర్నాడు తన గదిలో కూర్చుని, తాగేసిన నీళ్ళసీసా ఒకటి తీసుకుని, పళ్ళు కోసుకునే చాకుతో అడుగు కోసి, మూతికి ఒక ప్లాస్టిక్ గొట్టం బిగించారు. బిగించిన చోట దారం చుట్టారు. అక్వేరియంలో సీసా వైపు ముంచి, గొట్టం రెండో కొస నోట్లో పెట్టుకుని ఒక్క పీల్పు పీల్చారు. నీళ్ళు ఆయన అనుకున్నదానికంటే వేగంగా వచ్చాయి. మింగారో ఉమ్మారో ఆయన ఎవరికీ చెప్పలేదు. మొత్తానికి గొట్టం పనిచేసింది. మడ్డి సుళ్ళు తిరుగుతూ వచ్చి బకెట్లో పడింది. బెంచీల మీదవాళ్ళు చప్పట్లు కొట్టారు. తన చేతులతో ఒక వస్తువు చేయడం ఆయనకు అదే మొదలు. ఆ రోజంతా ఆయన మామూలు కంటే కాస్త నిటారుగా నడిచారు.

విజయగాథ రాజధానికి వెళ్ళింది. దాన్ని పరిశీలించడానికి తనిఖీ అధికారి చిత్రభానుగారు వచ్చారు. సన్నగా, మెత్తగా మాట్లాడే మనిషి. ఆయన గొంతు పెంచడం శాఖలో ఎవరూ వినలేదు, పెంచవలసిన అవసరమూ ఆయనకు ఎప్పుడూ రాలేదు. గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు.

"చాలా బాగుందండీ. దీన్ని ఎక్కడ తయారుచేశారు?"

"ఇక్కడే సార్. నా గదిలో, నా బల్ల మీద," అన్నారు వీరభద్రంగారు.

చిత్రభానుగారు జాలిగా చూశారు. "ఇది ఇల్లు కాదు కదండీ."

"కాదు సార్. ఆఫీసు."

"మరి ఆఫీసులో చేసింది ఇంట్లో చేసిందెలా అవుతుందండీ? ఇది కార్యాలయ నిర్మితం. విధానంలో రెండే రకాలున్నాయి. కొన్నది, ఇంట్లో చేసింది. మీ దగ్గరున్నది మూడో రకం. మూడో రకం లేదు. లేని వస్తువుతో మీరు చేపలకు నీళ్ళు మారుస్తున్నారు."

వీరభద్రంగారు గొట్టం వెనక్కి తీసుకున్నారు. "అయితే మా క్వార్టర్సులో ఇంకోటి చేసుకొస్తాను సార్."

"క్వార్టర్సు మీకు నివాసానికిచ్చారండీ, తయారీకి కాదు. అక్కడ చేస్తే అది ఇంకో శాఖవాళ్ళు రాసే కేసు."

"పోనీ మా ఇంట్లో చేయనా సార్?" అంది సత్యవేణి.

"సొంతిల్లా అమ్మా?"

"అద్దెదండి."

"అయితే ఇల్లు ఓనరుది. మీరు అందులో ఉంటున్నారంతే. సరే, ఓనరే చేశాడనుకుందాం. అది ఆయన దగ్గర్నుంచి ఆఫీసుకు రావాలి. ఊరికే వస్తే కానుక. కానుక పుచ్చుకోకూడదు. డబ్బిస్తే కొన్నది. కొనకూడదు."

చిత్రభానుగారు గొట్టాన్ని కూడా బీరువాలో పెట్టించి, దాని మీద ఇంకో సీలు వేయించి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళారు.

శనివారం వచ్చింది. సత్యవేణి చెంబు, బకెట్ పట్టుకుని అక్వేరియం దగ్గరికి వెళ్ళింది. వీరభద్రంగారు అడ్డుపడ్డారు.

"ఆ చెంబెక్కడిదమ్మా?"

"బజార్లో కొన్నదేనండి."

"బకెట్టు?"

"అదీ అంతేనండి." ఆమె రెండూ కింద పెట్టి చేతులు చూసుకుంది. "పోనీ దోసిలితో తోడనాండి? చేతులు కొన్నవి కాదు కదండీ."

వీరభద్రంగారి మొహం వెలిగింది. అంతలోనే ఆయనకు సందేహం వచ్చింది. "నువ్వెక్కడ పుట్టావమ్మా? ఇంట్లోనేనా?"

"గవర్నమెంటాసుపత్రిలోనండి."

ఆయన నిట్టూర్చారు. దోసిలి ఆలోచన అక్కడితో ఆగిపోయింది.

ఇంకో శనివారం వచ్చింది, పోయింది. నీళ్ళు ముందు పలచటి టీ రంగుకు, తర్వాత పాచి రంగుకు తిరిగాయి. చేపలు అడుగున ఉండలేక పైకొచ్చి గాలి కోసం నోళ్ళు తెరవడం మొదలుపెట్టాయి. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు వాటిని చూసి తమను తామే చూసుకున్నట్టుందని లేచి వెళ్ళిపోయారు. నల్లచేప అద్దం దగ్గరికి రావడం మానేసింది. ఒక మధ్యాహ్నం వీరభద్రంగారు క్యారియర్ మూత తీసి, దాని వైపు చూసి, తినకుండానే మూత పెట్టేశారు. గదిలోకి వెళ్ళి ఉత్తర్వును మళ్ళీ మొదటి నుంచి చదివారు. చివరి పేజీలో నిర్వచనాలున్నాయి. "గృహము అనగా ఒక దంపతులు కాపురముండి, నిత్యము పొయ్యి వెలిగించుచున్న స్థలము." ఇల్లు ఎక్కడ ఉండాలో అందులో రాయలేదు.

ఆయన సత్యవేణిని పిలిచారు.

"మన రికార్డు రూము ఖాళీ చేయిస్తాను. అందులో మీరిద్దరూ కాపురముండాలి. శాఖాపరమైన డెప్యుటేషను. నీ భర్త అక్కడ కూర్చుని గొట్టం చేస్తాడు. అది ఇల్లవుతుంది కాబట్టి ఇంట్లో చేసిందవుతుంది. శాఖ ఇల్లే కాబట్టి కొన్నదీ కాదు, కానుకా కాదు."

సత్యవేణి భర్త నూకరాజు ఆమెకు మేనమామ కొడుకు. మెయిన్ రోడ్డు సందులో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు. ఆ సాయంత్రం సంగతి విని చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"ఆఫీసులో కాపరం ఏంటే? జనం నవ్వుతారు."

"ఇక్కడ నవ్వట్లేదా బావా? ఓనరమ్మ రోజూ మోటారు ఆపేత్తంది. నేను బిందె పట్టుకుని మెట్లెక్కి దిగుతుంటే ఆవిడ కొడుకు లెక్కెడతాడు. అక్కడ కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి."

"అద్దె?"

"డెప్యుటేషనంట. ఉండదు."

నూకరాజు ముద్ద మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "చేపలెలా ఉన్నాయి?"

"నల్లది తేలిపోయేలా ఉంది," అంది సత్యవేణి.

ఆదివారం వాళ్ళు సామాను దించారు. పాత కాగితాల వాసన కొట్టే గదికి సున్నం వేయించారు. గృహప్రవేశం శాఖాపరంగా జరిగింది. పాలు పొంగించడానికి వీరభద్రంగారు ముందుగానే అగ్నిమాపక శాఖ అనుమతి తెప్పించారు. అందులో "పాలు గిన్నె అంచు దాటి పొంగుటకు అభ్యంతరము లేదు" అని స్పష్టంగా ఉంది. పాలు పొంగాయి. నూకరాజు అక్కడే చాప మీద కూర్చుని గొట్టం చేశాడు. తన కొట్లో పనివాటం ఉన్నవాడు కాబట్టి వీరభద్రంగారు చేసినదానికంటే అది నీటుగా వచ్చింది. ఆ సంగతి గమనించి వీరభద్రంగారు కొంచెం చిన్నబుచ్చుకున్నారు గానీ, పాతనీరు పోయి కొత్తనీరు వచ్చాక నల్లచేప ఒకసారి ఒళ్ళు విరుచుకున్నట్టు కదిలి అద్దం దగ్గరికి వచ్చేసరికి అన్నీ మరిచిపోయారు.

చిత్రభానుగారు మళ్ళీ వచ్చారు. ఇంట్లో అడుగుపెట్టి పొయ్యి చూశారు, పోపులడబ్బా చూశారు, మంచం కింద చూశారు. తర్వాత ఆలూమగల్ని గమనిస్తూ కూర్చున్నారు. ఆఫీసు వేళలు కావడంతో సత్యవేణి భర్తను బావా అనడానికి మొహమాటపడి "నూకరాజుగారూ, టీ పెట్టమంటారా" అంది. నూకరాజు "అలాగేనండి మేడం" అన్నాడు.

చిత్రభానుగారు బయటికొచ్చి వీరభద్రంగారితో మెల్లగా చెప్పారు. "ఇల్లులా ఉంది గానీ ఇల్లు కాదండీ. వీళ్ళొచ్చి ఇన్నాళ్ళయింది, ఒక్క తగాదా జరిగినట్టు దాఖలా లేదు. పొరుగువాళ్ళకు ఏమీ వినపడలేదు. తగాదా లేకుండా ఆలూమగలుంటే అది గెస్ట్ హౌస్. ఈసారి నేనొచ్చేసరికి ఆ లోపం సరిచేయండి. లేకపోతే ఈ గొట్టం కూడా బీరువాలోకే."

వీరభద్రంగారు ఆ మధ్యాహ్నమే మెమో ఇచ్చారు. ఆలూమగలు తమ తీరికను బట్టి, హద్దు మీరకుండా, గోడవతలికి వినపడు స్థాయిలో ఒక తగాదా పడవలెను. విషయం కూడా ఆయనే సూచించారు. పప్పులో ఉప్పు.

సాయంత్రం ఆయన గోడ ఇవతల కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

"పప్పులో ఉప్పెక్కువైందే," అన్నాడు నూకరాజు, కాగితం చూసి చదువుతున్నట్టు.

"రేపట్నించి తగ్గిత్తాలే బావా," అంది సత్యవేణి.

"అలా కాదమ్మా," అన్నారు వీరభద్రంగారు గోడ ఇవతల నుంచి. "తగ్గిస్తానంటే ఇంక ఎలా పెరుగుతుంది?"

సత్యవేణికి నవ్వొచ్చింది. ఆపుకుని మళ్ళీ మొదలుపెట్టింది. "ఎక్కువైతే తినకు. నిన్నెవరు తినమన్నారు?"

"నా ఇంట్లో నేను తింటాను."

"నీ ఇల్లేంటి? ఇది నా డ్యూటీ."

ఆమె ఆ మాట తగాదా కోసమే అంది. కానీ అవతల కంచం జరిపిన చప్పుడైంది. తర్వాత నూకరాజు గొంతు వినపడింది. ఈసారి చదువుతున్నట్టు లేదు.

"అవునే. నీ డ్యూటీయే. నేనూ నీ డ్యూటీలో సామానే. నేను తువ్వాలు కట్టుకుని తిరుగుతుంటే ఎవడో వచ్చి పింఛను కాగితం నా చేతిలో పెడతాడు. కొట్టుకెళ్తే రోడ్డు మీద అందరూ ఆఫీసల్లుడు వచ్చాడంటారు. నీకు కుళాయిలో నీళ్ళొస్తన్నాయి, అంతే కావాలి."

"నీళ్ళు మోసేది నువ్వయితే తెలిసేది."

"అయితే ఆ నీళ్ళతోనే ఉండు."

వీరభద్రంగారు ఇవతల సంతృప్తిగా తలాడించారు. చాలా సహజంగా వస్తోందనుకున్నారు. తలుపు తెరుచుకుని, భుజాన సంచితో నూకరాజు బయటికొచ్చి, ఆయన వైపు కూడా చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయినప్పుడు గానీ అది మెమో పరిధి దాటిపోయిందని ఆయనకు అర్థం కాలేదు. లోపల సత్యవేణి పొయ్యి ఆర్పేసి కూర్చుంది.

మర్నాడు పొయ్యి వెలగలేదు. దంపతులు లేరు, పొయ్యి లేదు, కాబట్టి ఇల్లు లేదు. ఇల్లు లేదు కాబట్టి గొట్టం మళ్ళీ ఏ రకానికీ చెందకుండా పోయింది. వీరభద్రంగారు తన చేతులతోనే దాన్ని చిలక్కొయ్యకు తగిలించి, జీపెక్కి నూకరాజు కొట్టుకు వెళ్ళారు. విప్పిన మిక్సీల మధ్య ఒక స్టూలు మీద కూర్చున్నారు.

"నూకరాజుగారూ, ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా, విస్తృత ప్రజాప్రయోజనాన్ని గమనంలో ఉంచుకుని, మీరు తిరిగి గృహస్థులుగా విధుల్లో చేరవలసిందిగా..."

"సార్," అన్నాడు నూకరాజు, స్క్రూడ్రైవరు దించకుండా. "మా తలుపుకు గడియ ఎటుందో చూశారాండి?"

వీరభద్రంగారు చూడలేదు.

"బయటుందండి. అది రికార్డు రూము కదండీ. ఆఫీసు మూసే వేళకు రికార్డు రూముకు బయట గడియ పెట్టాలని రూలంట. రోజూ వాచ్‌మేన్ పెట్టేసి పోతన్నాడు. పొద్దున్న ఆఫీసు తెరిచేదాకా మేం రికార్డులవండి. లోపల గడియ లేదు. పగలు ఎవడైనా తోసుకొచ్చేత్తాడు. ఆవిడ జడేసుకుంటుంటే అర్జీ పట్టుకుని వచ్చేత్తారు. ఉప్పు కాదండి నా గొడవ. నేను తలుపేసుకుంటే అది ఇల్లండి. నన్నెట్టి ఎవడో తలుపేత్తే అది ఇల్లెలాగవుతుందండి?"

గడియ మార్చాలంటే భవనం ఎవరిదో ఆ శాఖకు రాయాలి. వాళ్ళు అంచనా వేయాలి. అంచనా రాజధానికి వెళ్ళాలి. ఇవన్నీ వీరభద్రంగారు వరసగా చెప్పబోయి నూకరాజు మొహం చూశారు. రాత్రి నిద్రపోయినట్టు లేడు. "ఆవిడ అన్నం తిందాండి?" అని అడిగాడు నూకరాజు, మిక్సీ వైపు చూస్తూ.

"లేదనుకుంటాను," అన్నారు వీరభద్రంగారు. తర్వాత తనకే వింతగా వినపడేలా ఇంకో మాట అన్నారు. "ఆ స్క్రూడ్రైవరు తీసుకుని జీపెక్కు."

ఆ సాయంత్రం ఏ ఆర్డరూ లేకుండా రికార్డు రూము గడియ బయట ఊడి లోపలికి వెళ్ళింది. నూకరాజు మరలు బిగిస్తుంటే ఉపసంచాలకులు తలుపు కదలకుండా పట్టుకున్నారు. బిగించడం అయ్యాక నూకరాజు లోపలికి వెళ్ళాడు. సత్యవేణి తలుపు దగ్గరే ఉంది. తలుపు మూసుకుంది, లోపల గడియ పడింది. మూసిన తలుపు ముందు నిలబడ్డ వీరభద్రంగారికి తన సొంత కార్యాలయంలో ఒకచోటికి తాను వెళ్ళకూడదన్న సంగతి మొదటిసారి తెలిసింది. అందుకు ఆయన నొచ్చుకోవాలి. ఎందుకో సంతోషమే కలిగింది.

తర్వాతి తనిఖీకి చిత్రభానుగారు వచ్చేసరికి తలుపు గడియ వేసి ఉంది. ఆయన తట్టారు. "ఎవరది, కాసేపాగండి," అని లోపల్నుంచి విసుగ్గా వినపడింది. ఆపైన గ్యాసు బుక్ చేయడం ఎవరు మరిచిపోయారన్న విషయం మీద చాలాసేపు వాదన నడిచింది. చిత్రభానుగారు బయట నిలబడి అంతా విన్నారు. తలుపు తీయకముందే ఇది ఇల్లని రాసేసి సంతకం పెట్టారు.

ఆ ఏడు పౌర ప్రశాంతతా శాఖకు మంచి పేరు వచ్చింది. నీళ్ళు తేటగా ఉన్నాయి, చేపలు నిగనిగలాడాయి, బెంచీలు నిండాయి. అలా సాగిపోయేదే. కానీ రాజధానిలో ఆ పెద్దాయన మరొకరింటికి వెళ్ళి, వాళ్ళు సొంతంగా చేసుకున్న ఉయ్యాల బల్ల మీద కూర్చున్నారట. ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరూ పైకి చెప్పలేదు. ఆయన ఆసుపత్రి నుంచే కొత్త ఉత్తర్వు పంపారు. "కార్యాలయములయందు ప్రామాణిక సంస్థలు తయారుచేసిన పరికరములు తప్ప వేరేవి కనబడరాదు. పూర్వపు విధానము క్రింద కార్యాలయములయందు ఏర్పడిన గృహములను తక్షణము రద్దు చేయవలెను. గృహస్థులు ఖాళీ చేయుటకు నిరాకరించినచో దంపతులలో ఉద్యోగియైన వారిని దూర జిల్లాకు బదిలీ చేసి గృహత్వమును ఉపసంహరించవలెను."

వీరభద్రంగారు బీరువా సీళ్ళు పగలగొట్టించి కంపెనీ పంపు బయటికి తీయించారు. లోపల బ్యాటరీ కారి, మోటారు బిగుసుకుపోయి ఉంది. నూకరాజు విప్పి చూసి తల అడ్డంగా ఆడించాడు. కొత్తది కావాలంటే టెండరు పిలవాలి. ఈలోగా ఇంట్లో చేసిన గొట్టం ముట్టుకోకూడదు. చెంబుతో పైనీళ్ళు తోడొచ్చు గానీ అడుగు మడ్డి రాదు.

"సార్, మళ్ళీ నీళ్ళు పాడవుతాయండి," అంది సత్యవేణి. బదిలీ మాట ఆమె ఎత్తలేదు. సామాను ఏ సంచిలో ఏది పెట్టాలో మాత్రం అప్పటికే చూసుకుంటోంది. "నల్లది ఈసారి తట్టుకోదండి."

వీరభద్రంగారు అక్వేరియం ముందు నిలబడ్డారు. నల్లచేప ఆయన వైపు చూసి నోరు తెరిచి మూసింది. ఆయన ఉత్తర్వు తీసి, నిలబడే మళ్ళీ చదివారు. కార్యాలయంలో గొట్టం కనబడకూడదు. సరే. కార్యాలయంలో చేపలుంటే కదా గొట్టం కావలసింది. ఆయన బెంచీల వైపు తిరిగారు.

"కాస్త చెయ్యి వేస్తారా?" అని అడిగారు.

పింఛను ఆగిపోయిన ఒక మాస్టారు, పాసుపుస్తకం కోసం తిరుగుతున్న ఒక రైతు, నూకరాజు, ఉపసంచాలకులు కలిసి చెంబుతో సగం నీళ్ళు తోడేసిన అక్వేరియాన్ని మెల్లమెల్లగా మోసుకెళ్ళి రికార్డు రూములో పొయ్యికి దూరంగా, కిటికీ కింద పెట్టారు. వీరభద్రంగారి చొక్కా తడిసిపోయింది. ఈ చేపలు సత్యవేణి, నూకరాజు దంపతుల ఇంటివని, కార్యాలయంలో అక్వేరియమే లేదని, కనుక ఉత్తర్వు ఉల్లంఘన జరగలేదని ఆయన రాజధానికి రాశారు. ఉద్యోగం పోతే ఏం చేయాలో కూడా ఆయన ఆలోచించలేదు.

హాల్లోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఖాళీ గోడ చూసి వెనక్కి తిరిగేవారు. పాతవాళ్ళు మాత్రం రికార్డు రూము తలుపు తట్టి, "అమ్మా, ఒకసారి చేపల్ని చూసిపోతామండి," అనేవారు. వీలైతే సత్యవేణి రమ్మనేది. వీలుకాకపోతే తర్వాత రమ్మనేది. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

ఆఖరికి చిత్రభానుగారు వచ్చారు. ఆ గది ఇల్లా, కార్యాలయమా తేల్చి రమ్మని ఆయన్ను పంపారు. కార్యాలయమని తేలితే గొట్టం నేరం, చేపలు జప్తు, సత్యవేణికి బదిలీ, వీరభద్రంగారికి సస్పెన్షను. ఇల్లని తేలితే కార్యాలయంలో గృహమే లేదు కనుక రద్దు చేయవలసిందీ లేదు. ఆయన వచ్చేసరికి ఒంటిగంట దాటింది. వీరభద్రంగారు తన గదిలో తల వంచుకుని కూర్చున్నారు, లేచి ఎదురు కూడా వెళ్ళలేదు. చిత్రభానుగారు ఒక్కరే వెళ్ళి తలుపు తట్టారు.

సత్యవేణి తలుపు తీసింది. లోపల నూకరాజు కంచం ముందు కూర్చుని ఉన్నాడు.

"తనిఖీకి వచ్చానమ్మా," అన్నారు చిత్రభానుగారు, యథాప్రకారం మెత్తగా. "నా పని చూసుకుని వెళ్ళిపోతాను. మీరు కానివ్వండి."

"ఎండనబడి వచ్చారు. భోంచేశారాండి?" అంది సత్యవేణి.

"లేదమ్మా. పని అయ్యాక చూద్దాం."

"అదేంటండి, అన్నం వేళప్పుడు. కాళ్ళు కడుక్కుని కూర్చోండి."

ఆమె ఆయన జవాబు కోసం ఆగలేదు. కంచం కడిగి పెట్టింది. నూకరాజు జరిగి చాప మీద చోటిచ్చాడు. చిత్రభానుగారు కాసేపు ఫైలు పట్టుకుని నిలబడి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మంచం మీద పెట్టి, కూర్చున్నారు. తింటున్నంతసేపూ ఎవరూ తనిఖీ మాట ఎత్తలేదు. ఆ చేప ఎందుకు నల్లగా ఉందని ఆయన అడిగారు. పుట్టడమే అలా పుట్టిందండి అని చెప్పింది సత్యవేణి.

ఆయన వీరభద్రంగారిని కలవకుండానే వెళ్ళిపోయారు. పది రోజులకు నివేదిక ప్రతి ఒకటి జిల్లాకు వచ్చింది. చిత్రభానుగారు ఇంత చిన్న నివేదిక అంతకుముందెప్పుడూ రాయలేదు. "పరిశీలనకు వెళ్ళినప్పుడు నన్ను భోజనము చేయమని అడిగినారు. నా సర్వీసులో ఏ కార్యాలయమునందును నాకీ మాట ఎదురు కాలేదు. కనుక అది కార్యాలయము కాదు."

రాజధాని ఆ నివేదికను ఆమోదించింది. ఆమోదిస్తూనే ఒక సంజాయిషీ కోరింది. విధి నిర్వహణలో స్వీకరించిన సదరు భోజనమునకు తగు రసీదు ఎందుకు జతపరచలేదో తెలుపవలెను.

చిత్రభానుగారు తిరుగు టపాలో జవాబు రాశారు. "గోంగూర పప్పు, వంకాయ వేపుడు, మజ్జిగ. రెండుమారులు వడ్డించినారు. ఇండ్లలో రసీదులు ఇవ్వరు."